కాంట్రాక్టు తెగాలి, నంబరు బతకాలి

మా చిన్నమ్మకి చదువు రాదు. కొడుకు నంబరు మాత్రం పది అంకెలూ నోటికొచ్చు. కొడుకు కువైట్ వెళ్ళాక అక్కడి నంబరుతో వాట్సాప్‌లో రోజూ మాట్లాడుతూనే ఉన్నాడు. ఒకరోజు మా భావనపాడులో నెట్ పోయింది. ఆవిడకి మనసు ఆగక, అలవాటుగా ఆ పాత పది అంకెలూ నొక్కేసింది. అవతల ఎవరో మగమనిషి ఫోన్ ఎత్తి, "ఈ నంబరు నాదేనమ్మా, రాజమండ్రి నుంచి మాట్లాడుతున్నాను" అన్నాడు. చిన్నమ్మ చేతిలో ఫోన్ అలాగే పట్టుకుని మా ఇంటికి పరుగెత్తుకొచ్చింది. "మా గుంటడి ఫోన్ల ఎవడో మాటాడతన్నాడురా, ఆడికేటయిందో ఏటో సూడరా" అంటూ అరుగు మీద కూలబడిపోయింది.

వాడికేమీ కాలేదు. వెళ్ళేటప్పుడు సిమ్ తీసి, అగ్గిపెట్టెలో పెట్టి, బీరువా పై అరలో పడేసి వెళ్ళాడు. ఎవరూ రీఛార్జి చెయ్యలేదు. ఎనిమిది నెలలయ్యేసరికి ఆ నంబరు వేరే మనిషికి వెళ్ళిపోయింది. ఆ రాజమండ్రి మనిషి తప్పు ఇందులో ఏమీ లేదు. దుకాణంలో ఇచ్చిన నంబరు ఆయన తీసుకున్నాడు, అంతే. కానీ మా తమ్ముడి బ్యాంకు ఖాతా, ఆధార్, గ్యాస్ కనెక్షన్, భార్య డ్వాక్రా సంఘంలో ఇచ్చిన నంబరు, పిల్లాడి బడిలో రాయించిన నంబరు అన్నీ ఆ పది అంకెలకే ముడిపడి ఉన్నాయి. రెండేళ్ళకి నెల రోజుల సెలవు మీద ఇంటికి వచ్చి, అందులో పదకొండు రోజులు టెక్కలి బ్యాంకుకీ ఆధార్ కేంద్రానికీ తిరగడంతోనే గడిపేశాడు. ఆ పదకొండు రోజులూ పిల్లాడు నాన్న ఎప్పుడొస్తాడా అని వాకిట్లో కూర్చునేవాడు. అది చూశాక, ఊరు విడిచి వెళ్ళే ప్రతివాడికీ ఈ నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

నేను చెప్పదలచుకున్న మాట ఒకటే. దేశం దాటేటప్పుడు ఫోన్ కాంట్రాక్టు తెంచుకోండి, కానీ నంబరును మాత్రం బతికించుకోండి. ఇక్కడి నుంచి వెళ్ళేటప్పుడూ ఇదే మాట, అక్కడి నుంచి తిరిగి వచ్చేటప్పుడూ ఇదే మాట. మనవాళ్ళు ఈ రెండిట్లో ఒకదాన్నే చూస్తారు. ఒకడు బిల్లు ఎందుకు పెరగాలని సిమ్ మొత్తం తీసేస్తాడు. ఇంకొకడు నంబరు పోతుందన్న భయంతో నెలనెలా వందల రూపాయల పోస్ట్‌పెయిడ్ బిల్లు కడుతూ, వాడని డేటాకి డబ్బులు పోస్తూ ఉంటాడు.

భావనపాడు చేపల వేటమీద బతికే ఊరు. వేట చాలనప్పుడు మా కుర్రాళ్ళు పారాదీప్ వెళ్తారు, గుజరాత్‌లో వెరావల్ వెళ్తారు. ఇప్పుడు వెల్డింగ్, ఫిట్టింగ్, రిగ్గింగ్ నేర్చుకుని ఉద్దానం కుర్రాళ్ళతో పాటు కువైట్, దుబాయి, ఖతార్, సౌదీ పోతున్నారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉంటుంది కదా, ఆ అరవై ఒక్క రోజుల్లోనే పాస్‌పోర్టులూ మెడికల్సూ అన్న హడావుడి ఎక్కువ. ఆ హడావుడిలో వీసా కాగితం, టికెట్టు, ఏజెంటుకి ఇవ్వాల్సిన డబ్బు ఇవే కనిపిస్తాయి. సిమ్ గోరంత వస్తువు, దాని గురించి ఎవడికీ పట్టదు.

అమెరికా, ఇంగ్లండ్ వంటి చోట్ల ఫోన్ కాంట్రాక్టు అంటే రెండేళ్ళో మూడేళ్ళో సంతకం పెట్టి కట్టుబడి ఉండడం. మన దేశంలో పది మందిలో తొమ్మిది మందికి పైగా ప్రీపెయిడ్ వాడుకదారులే, కాబట్టి మనకి కాంట్రాక్టు అన్న మాట కొత్తగా వినిపిస్తుంది. అయినా మన దగ్గరా కాంట్రాక్టులున్నాయి, వాటి రూపం వేరు. నెలనెలా బిల్లొచ్చే పోస్ట్‌పెయిడ్ ఒకటి. వాయిదాల మీద కొన్న ఫోన్ ఇంకొకటి. పైడిభీమవరం ఫ్యాక్టరీల్లో, పోర్టు కాంట్రాక్టర్ల దగ్గర పనిచేసే వాళ్ళకి కంపెనీ ఇచ్చిన సిమ్ మూడోది.

కంపెనీ సిమ్ గురించి ముందు చెప్పేస్తాను, అది చిన్న సంగతి. ఆ నంబరు కంపెనీ పేరున ఉంటుంది. మీరు దాన్నే బ్యాంకులో ఇచ్చి ఉంటే, ఉద్యోగం మానేసే ముందే అడిగి మీ పేరుకి మార్పించుకోండి. కంపెనీ ఒప్పుకుని రాసిచ్చిన కాగితం లేకుండా అది జరగదు. వాళ్ళు ఒప్పుకోకపోతే బ్యాంకులో నంబరు మార్చుకున్న తరువాతే సిమ్ తిరిగి ఇవ్వండి.

వాయిదాల ఫోన్ దగ్గర చాలామంది పొరపడతారు. దుకాణంలో ఫోనూ సిమ్మూ ఒకే బల్ల మీద ఇస్తారు కాబట్టి రెండూ ఒకటే లెక్క అనుకుంటారు. కాదు. సిమ్ టెలికాం కంపెనీది, వాయిదా ఫైనాన్సు కంపెనీది. సిమ్ మూసేసినా అప్పు మూతపడదు. నెలనెలా ఖాతా నుంచి దానంతటదే డబ్బు తీసుకునేలా మీరు ఒప్పుకుని సంతకం పెట్టి ఉంటారు. మీరు దుబాయిలో ఉండగా ఖాతాలో డబ్బు లేకపోతే వాయిదా తిరిగొస్తుంది, దానికి బ్యాంకు ఒక రుసుము వేస్తుంది, ఫైనాన్సు కంపెనీ ఇంకో రుసుము వేస్తుంది, అప్పుల చరిత్ర రాసే సిబిల్‌లో మచ్చ పడుతుంది. రెండేళ్ళ తరువాత తిరిగొచ్చి పడవ ఇంజన్‌కో ఇంటికో అప్పు అడిగితే, ఆ ఫోన్ బాకీ ముందుకొస్తుంది. మూడు నాలుగు వాయిదాలే మిగిలి ఉంటే వెళ్ళే ముందు కట్టేసి, బాకీ లేదన్న పత్రం తీసుకోండి. అంత సొమ్ము చేతిలో లేకపోతే ఆ వాయిదాల లెక్క ఇంట్లో వాళ్ళకి తేదీలతో సహా చెప్పి వెళ్ళండి.

ఇక పోస్ట్‌పెయిడ్. ఇది నా సొంత అనుభవం. కొన్నేళ్ళ క్రితం నేను బయటికి వెళ్ళేటప్పుడు ఒక కంపెనీ దుకాణానికి వెళ్ళి, కనెక్షన్ తీసేయమని నోటిమాటగా చెప్పాను. అక్కడి కుర్రాడు "అయిపోయిందండీ" అన్నాడు. మూడు నెలలు బిల్లు వచ్చింది. నాలుగో నెలలో ఎవరో వసూలు మనిషి మా నాన్నగారికి ఫోన్ చేశాడు. నాన్నగారు జీవితంలో ఒకరికి పది రూపాయలు బాకీ పడని మనిషి. "మనకి అప్పేటిరా" అని ఆయన అడిగిన గొంతు నాకింకా గుర్తుంది. అప్పటి నుంచీ నేను నోటిమాట నమ్మను. ఏ పని చెప్పినా ఒక ఫిర్యాదు నంబరో, అభ్యర్థన నంబరో, కనీసం ఒక ఎస్సెమ్మెస్సో నా దగ్గర ఉండాలి.

అసలు పోస్ట్‌పెయిడ్‌ని మూసెయ్యాల్సిన పనే లేదు. దాన్ని ప్రీపెయిడ్‌గా మార్చుకుంటే నంబరు అదే ఉంటుంది, నెలబిల్లు మాత్రం ఆగిపోతుంది. ఒకప్పుడు దీనికి మళ్ళీ కాగితాలు, ఫోటోలు ఇవ్వాల్సి వచ్చేది. 2021లో టెలికాం శాఖ నిబంధనలు సడలించాక ఓటీపీతోనే మార్చుకునే వీలు వచ్చింది. మార్చుకునే ముందు పాత బిల్లు పైసా మిగలకుండా కట్టాలి. ఆటో పే పెట్టుకుని ఉంటే ఆఖరి బిల్లు కట్టిన తరువాతే దాన్ని తీసేయండి. ముందే తీసేస్తే ఆ ఆఖరి బిల్లే బాకీగా మిగిలిపోతుంది. డిపాజిట్ ఏదైనా కట్టి ఉంటే అది వెనక్కి రావాలి, అడగండి. చాలామందికి అది గుర్తే ఉండదు. ఐదారు నెలల పనికే వెళ్తున్న వాళ్ళయితే కనెక్షన్‌ని కొంతకాలం పక్కన పెట్టే సేఫ్ కస్టడీ సౌకర్యం ఉందేమో అడగవచ్చు. కానీ ఆ కాలంలో ఓటీపీలు రావు. బ్యాంకు పని ఉన్నవాడికి అది పనికిరాదు.

దుకాణం వాళ్ళు సరిగా పలకకపోతే 198కి ఫోన్ చెయ్యండి, ఫిర్యాదు నంబరు తీసుకోండి. న్యాయం జరగలేదనిపిస్తే అదే కంపెనీలో అప్పీలు చేసుకునే అధికారి ఉంటాడు, అప్పీలుకి 30 రోజుల గడువు ఉంది. ఇదంతా ఇక్కడ ఉండగానే చెయ్యాలి. కువైట్ క్యాంపులో పన్నెండు గంటల షిఫ్టు చేసి వచ్చి, అర్ధరాత్రి మన దేశం కస్టమర్ కేర్‌తో పోట్లాడే ఓపిక ఎవడికుంటుంది?

ఇప్పుడు అసలు చోటికి వద్దాం. మనవాళ్ళలో ఎక్కువమందివి ప్రీపెయిడ్ సిమ్‌లే కదా, వాటికి తెంచుకోవాల్సిన కాంట్రాక్టు లేదు. కానీ తెలియకుండానే తెగిపోయే ప్రమాదం ఉంది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన ఇలా ఉంది. 90 రోజుల పాటు సిమ్ నుంచి కాల్, మెసేజి, డేటా ఏ వాడకమూ లేకపోతే కంపెనీ నంబరును ఆపేయవచ్చు. సిమ్‌లో 20 రూపాయలో అంతకు మించో బ్యాలెన్సు ఉంటే ఆ 20 కోసుకుని ఇంకో 30 రోజులు నిలబెడతారు. ఆపేశాక తిరిగి తెరిపించుకోవడానికి 15 రోజుల గడువు ఉంటుంది. అదీ దాటితే నంబరు చేజారినట్టే. ఆపేసిన నంబరును కనీసం 90 రోజులు ఎవరికీ ఇవ్వకుండా ఉంచి, ఆ తరువాత కొత్త మనిషికి ఇస్తారు. 2023లో సుప్రీంకోర్టు ముందు ఈ విషయం వచ్చినప్పుడు, ఆ నంబరుతో ఉన్న పాత డేటా తీసేసుకోవాల్సిన బాధ్యత వాడుకదారుడిదేనన్న మాట కోర్టు చెప్పింది. మా తమ్ముడి ఎనిమిది నెలల లెక్క ఈ గడువులతోనే సరిపోయింది.

నంబరు పోతే పోయింది, ఇంకోటి తీసుకుంటాను అనుకునే కాలం కాదిది. ఆ నంబరు ఇప్పుడు ఎవడి చేతిలో ఉందో వాడికి మీ బ్యాంకు మెసేజీలు వెళ్తాయి. 2025 ఏప్రిల్ నుంచి రద్దయిన నంబర్ల జాబితాను బ్యాంకులూ యూపీఐ యాప్‌లూ కనీసం వారానికొకసారి సరిచూసుకోవాలని యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ నియమం పెట్టింది. ఇది మన రక్షణకే. కానీ ఫలితం ఏమిటంటే, నంబరు చచ్చిపోతే మీ యూపీఐ కూడా ఆగిపోతుంది. సరే, గల్ఫ్ నంబరుతో యూపీఐ వాడుకోవచ్చు కదా అంటే, 2023 జనవరిలో ఎన్‌పీసీఐ పది దేశాల నంబర్లకి అనుమతి ఇచ్చింది. వాటిలో సౌదీ, యూఏఈ, ఖతార్, ఒమన్, సింగపూర్, అమెరికా ఉన్నాయి. కువైట్ ఆ పదిలో లేదు. పైగా అది ప్రవాసుల కోసం ఉండే ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతాలకే. మన ఊళ్ళో ఎంతమంది తమ పొదుపు ఖాతాను ఎన్ఆర్ఓగా మార్చుకుని వెళ్తున్నారో మీకే తెలుసు. చట్టప్రకారం ప్రవాసి అయినవాడు అలా మార్చుకోవాల్సిందే. వెళ్ళే ముందు బ్యాంకుకి వెళ్ళినప్పుడు ఆ పని కూడా చూసుకోండి.

కాబట్టి పాత సిమ్‌ని బతికించుకోవడం ఎలా? నా మాట వింటే రెండు సిమ్‌ల ఫోన్ తీసుకుని, మన సిమ్‌ని మీతోపాటే తీసుకెళ్ళండి. అక్కడి సిమ్ ఒక గదిలో, మన సిమ్ రెండో గదిలో. వెళ్ళే ముందే అంతర్జాతీయ రోమింగ్ తెరిపించుకోండి. విమానం దిగాక తెరిపించుకోవడం కష్టం. మన సిమ్‌కి డేటా రోమింగ్ ఆపేసి ఉంచండి. ఆ సిమ్‌కి వచ్చే ఫోన్ ఎత్తకండి, రోమింగ్ చార్జి పడుతుంది. ఓటీపీ మెసేజి వస్తే చాలు. ఇంట్లో సిమ్ పెట్టి వెళ్తే భార్య ఓటీపీ చదివి చెబుతుంది కదా అంటారు కొందరు. ఆ అలవాటే ప్రమాదం. ఫోన్‌లో ఓటీపీ చదివి చెప్పడం అలవాటైన ఇల్లాలికి, రేపు బ్యాంకు నుంచి అంటూ ఎవడో మోసగాడు అడిగినా చదివి చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? అలా మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చెయ్యాలి, ఆ నంబరు గోడ మీద రాసి పెట్టండి. ఇంకో కారణం కూడా ఉంది. వాట్సాప్ లాంటి యాప్‌లు ఏ నంబరుతో తెరిచారో ఆ సిమ్ ఫోన్‌లో ఉంటేనే పనిచేసేలా చూడాలని టెలికాం శాఖ 2025 నవంబరులో ఆదేశాలిచ్చింది. మన నంబరుతోనే వాట్సాప్ నడిపేవాడు సిమ్‌ని బీరువాలో వదిలి వెళ్ళడానికి వీల్లేదు.

రీఛార్జి ఖర్చు అంటారా? 2024 జూలైలో ధరలు పెరిగిన మాట నిజమే. కానీ అదే ఏడాది డిసెంబరులో, డేటా అక్కరలేని వాళ్ళకి కాల్స్, మెసేజీలు మాత్రమే ఉన్న ప్లాన్లు ఇవ్వాలని, వాటికి ఏడాది దాకా గడువు ఉండవచ్చునని ట్రాయ్ చెప్పింది. 2025 జనవరి నుంచి పెద్ద కంపెనీలు అలాంటివి తెచ్చాయి. ఏడాదికి దాదాపు 1,800 రూపాయల్లో అవి దొరికాయి. వెళ్ళే ముందు ఒక్కసారి వేయించుకుంటే ఏడాది పాటు చూడక్కరలేదు. అలాగని పూర్తిగా వదిలేయకండి. రెండు నెలలకి ఒక మెసేజి ఇంటికి ఆ సిమ్ నుంచి పంపండి, వాడకం నమోదవుతుంది.

వెళ్ళే వారంలో చెయ్యకూడని పని ఒకటి ఉంది. సిమ్ మార్చకండి. పాతది అరిగిపోయిందని కొత్త సిమ్ తీసుకుంటే, మోసాలు ఆపడానికని 24 గంటల పాటు ఆ నంబరుకి మెసేజీలు రావు. సిమ్ మార్చిన ఏడు రోజుల దాకా వేరే కంపెనీకి పోర్టు కూడా చెయ్యలేరు. టికెట్టు చేతిలో పెట్టుకుని, విశాఖ ఎయిర్‌పోర్టులో ఓటీపీ కోసం ఎదురుచూసే పరిస్థితి ఎవరికీ రాకూడదు. సిమ్ మార్చాలన్నా, పోర్టు చెయ్యాలన్నా, ఆధార్‌లో నంబరు దిద్దుకోవాలన్నా నెలరోజుల ముందే.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది సిమ్ ఎవరి పేరున ఉందన్నది. మా ఊళ్ళో సగం సిమ్‌లు నాన్న పేరున, బావమరిది పేరున, ఎప్పుడో రీఛార్జి దుకాణం కుర్రాడు ఎవరి ఆధార్‌తోనో వేసి ఇచ్చినవే. టెలికాం శాఖ సంచార్ సాథీ వెబ్‌సైటులో మీ నంబరు, ఓటీపీ ఇస్తే మీ పేరున ఎన్ని కనెక్షన్లు ఉన్నాయో కనిపిస్తుంది. మీవి కానివి ఉంటే అక్కడే నావి కావని చెప్పవచ్చు. ఒక మనిషికి తొమ్మిది సిమ్‌ల దాకానే హద్దు. 2023 టెలికాం చట్టం ప్రకారం ఆ హద్దు దాటితే జరిమానా, మోసం చేసి ఇతరుల పేరున సిమ్ తీసుకుంటే మూడేళ్ళ దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా. కాబట్టి ఏజెంటు "నీ సిమ్ ఇచ్చెయ్, అక్కడ పనికిరాదు" అంటే ఇవ్వకండి. 2024 మే నెలలో విశాఖ పోలీసులు కంబోడియా ఉద్యోగాల పేరుతో మన ఉత్తరాంధ్ర కుర్రాళ్ళని సైబర్ మోసాల కేంద్రాలకి చేరవేసిన ముఠాను పట్టుకున్నారు. అలాంటి చోట్ల ఇండియా సిమ్‌లే పనిముట్లు. మీ పేరున ఉన్న సిమ్ అక్కడ తేలితే పోలీసులు ముందు వచ్చేది భావనపాడులో మీ అమ్మానాన్నల దగ్గరికే.

ఇది వెళ్ళేటప్పటి సంగతి. తిరిగి వచ్చేటప్పటిది ఇంకా బరువైనది, ఎందుకంటే అక్కడ కాంట్రాక్టు నిజమైన కాంట్రాక్టే.

మా బావ షార్జాలో రిగ్గర్‌గా ఉండేవాడు. చేరిన మూడో నెలలోనే మంచి ఫోన్ మీద మనసు పడి, రెండేళ్ళ ఒప్పందం మీద పోస్ట్‌పెయిడ్ తీసుకున్నాడు. ఫోన్ ధర నెలనెలా బిల్లులోనే. పద్నాలుగో నెలలో ప్రాజెక్టు అయిపోయింది, కంపెనీ ఇంటికి పంపేస్తానంది. రాత్రి ఫోన్ చేసి, "వీసా క్యాన్సిల్ అయితే ఇంకేటి, సిమ్ము ఒగ్గేసి ఒచ్చేత్తాను. నన్నెవడు ఎతుకుతాడు బావా" అన్నాడు. క్యాంపులో అందరూ అదే చెప్పారట.

వెతకనక్కరలేదు. అక్కడి అప్పుల వివరాలు యూఏఈలో అల్ ఎతిహాద్ క్రెడిట్ బ్యూరోకి చేరతాయి, టెలికాం కంపెనీల బాకీలు కూడా అందులో ఉంటాయి. సౌదీలో సిమా అనే సంస్థ ఉంది, అక్కడా అంతే. మూడేళ్ళ తరువాత అదే దేశానికి మంచి జీతంతో మళ్ళీ వెళ్తే, కొత్త ఫోనూ, బ్యాంకు అప్పూ ఏదీ కదలదు. కువైట్ అయితే 2023లో ఇంకో అడుగు ముందుకేసింది. ట్రాఫిక్ జరిమానాలు, కరెంటు నీటి బిల్లులు, కమ్యూనికేషన్ల శాఖకి బాకీ ఉన్న ఫోన్ బిల్లులు కట్టకుండా విదేశీయులు దేశం దాటకూడదని నియమం పెట్టింది. విమానాశ్రయంలో బోర్డింగు ముందు బాకీ కనిపిస్తే అప్పటికప్పుడు డబ్బు ఎవరిస్తారు?

బావకి నేను చెప్పిందే మీకూ చెబుతున్నాను. ముందు కాంట్రాక్టు కాగితం తీసి చూడాలి. అందులో రెండు లెక్కలు విడివిడిగా ఉంటాయి. సర్వీసును ముందుగా వదిలేసినందుకు కట్టాల్సిన రుసుము ఒకటి, ఫోన్‌కి మిగిలిన వాయిదాలు ఇంకొకటి. మొదటిది తగ్గించమని అడగవచ్చు. రెండోది మీరు వాడుకున్న వస్తువు ధర, అది కట్టాల్సిందే. దుకాణానికి వెళ్ళేటప్పుడు వీసా రద్దు కాగితమో, ఫైనల్ ఎగ్జిట్ కాగితమో, కంపెనీ ఇచ్చిన నోటీసో పట్టుకెళ్ళండి. మీరు ఊరికే తెంచుకోవడం లేదు, పని పోయి దేశం దాటుతున్నారని చూపించడానికి. కొందరికి రుసుము తగ్గిస్తారు, కొందరికి తగ్గించరు. అడగడానికి సిగ్గెందుకు?

ఆ తరువాత ఇంకో ప్రశ్న వెయ్యాలి. "మూసెయ్యకుండా ప్రీపెయిడ్‌గా మారిస్తే ఎంత?" అని. దీని వెనక పెద్ద కారణం ఉంది. యూఏఈ కార్మిక చట్టం ప్రకారం పని ముగిసిన 14 రోజుల్లోగా గ్రాట్యుటీ, మిగిలిన జీతం కంపెనీ ఇవ్వాలి. ఆ డబ్బు అక్కడి బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఆ ఖాతా ఓటీపీ అక్కడి నంబరుకే వస్తుంది. సిమ్ ముందే మూసేసి ఇంటికి వచ్చేస్తే, రెండేళ్ళ కష్టార్జితం బ్యాంకులో ఉంటుంది, తీసుకునే తాళం మాత్రం ఉండదు. మా బావ కాంట్రాక్టు తెంచుకుని అదే నంబరును ప్రీపెయిడ్‌గా మార్చుకున్నాడు, రోమింగ్ పెట్టుకున్నాడు, గ్రాట్యుటీ పడ్డాక దాన్ని ఇంటికి పంపించుకున్నాడు, చివరి బిల్లు కట్టినట్టు రసీదు తీసుకున్నాడు, ఆ తరువాతే ఆ సిమ్‌ని వదిలేశాడు. కాంట్రాక్టు ముందు, డబ్బు తరువాత, సిమ్ అన్నిటికన్నా చివర. ఈ వరుస తప్పకూడదు.

ఇంకో సంగతి తప్పకుండా చెప్పాలి. క్యాంపులో రూమ్‌మేట్‌కి సిమ్ ఇచ్చి రావడం మనవాళ్ళలో పెద్ద అలవాటు. "అన్నా, నీ నంబరు బాగుంది, ఉంచు" అంటే కాదనలేక ఇచ్చేస్తారు. ఆ సిమ్ మీ ఎమిరేట్స్ ఐడీ, అకామా, బతాకా లాంటి గుర్తింపు కార్డు మీద ఉంది. వాడు దానితో ఏం చేసినా పేరు మీదే. ప్రేమ ఉంటే వాడికి కొత్త సిమ్ కొనిపెట్టండి, మీది మాత్రం ఇవ్వకండి. వాట్సాప్‌లో నంబరు మార్చుకుని, డబ్బు పంపే ఎక్స్ఛేంజి యాప్‌లో మీ పేరు తీయించి, ఫోన్ తుడిచి, అప్పుడు అమ్ముకోండి.

అమెరికా, ఇంగ్లండ్ వెళ్ళిన మన ఇంజనీరు పిల్లలకీ లెక్క ఇంతే. అక్కడ చాలామంది రెండు మూడేళ్ళ వాయిదాల మీద ఫోన్ తీసుకుంటారు. సర్వీసును ముందే వదులుకుంటే, ఫోన్‌కి మిగిలిన మొత్తం ఒక్కసారే కట్టాల్సి రావచ్చు. టికెట్టు బుక్ చేసే రోజునే ఆ మొత్తం ఎంతో అడిగి ఉంచుకుంటే, చివరి జీతంలో దానికి చోటు పెట్టుకోవచ్చు.

విదేశంలో ఏజెంటో కంపెనీయో అన్యాయం చేస్తే కేంద్ర ప్రభుత్వం నడిపే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉంది, మన దేశం నుంచి 1800 11 3090, యూఏఈ నుంచి 800 46342. ఈ నంబర్లు ఫోన్‌లో కాదు, కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి. ఫోన్ పోయిన రోజే కదా ఈ నంబర్ల అవసరం.

మా తమ్ముడు ఈసారి వెళ్ళే ముందు కొత్త సిమ్ తన పేరునే తీసుకున్నాడు, ఏడాది రీఛార్జి వేయించాడు, రోమింగ్ తెరిపించుకున్నాడు. చిన్నమ్మకి కొత్త నంబరు నేర్పడానికి రెండు రోజులు పట్టింది. ఇప్పుడు ఆవిడ ఆ పది అంకెలు కూడా తడుముకోకుండా చెబుతుంది. మీ ఇంట్లోనూ ఈ నెలలో, వచ్చే నెలలో బయల్దేరే వాళ్ళుంటే, సూట్‌కేసు సర్దక ముందే అడగండి: ఆ సిమ్ ఎవరి పేరున ఉంది, రీఛార్జి ఎప్పటిదాకా ఉంది?